డే స్కాలర్ గిరిజ

రెండింటికి గానీ తలుపు తియ్యదట మార్తా. భోజనానికి వెళ్ళింది. ఆఫీసు తలుపు మీద గడియారం బొమ్మ ఉన్న అట్ట తగిలించి మరీ వెళ్ళింది, భోజనవేళంటే ఎక్కడైనా భోజనవేళే, గుంటూరులో అయినా కార్క్‌లో అయినా గుమాస్తా లేచాక దేవుడొచ్చినా ఆగాల్సిందే, ఆ ఆగడం ఈ రోజు నాకెంత సుఖంగా ఉందో చెప్పలేను. ఆవిడ వచ్చేదాకా నేనేదీ తేల్చక్కర్లేదు. వచ్చాక మాత్రం ఒక్క మాట చెప్పాలి, ఏ కాలేజీలో ఉంటానో. చెప్పకపోతే నా వంతు గది వెనకాల కాచుకున్నవాళ్ళకి పోతుంది, ఈ ఊళ్ళో ఇప్పుడు గది పోగొట్టుకోవడమంటే మామూలు విషయం కాదు, ఎటు చూసినా ఆకాశంలో క్రేన్లు, టెక్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి, వాటి వెనక వాటి ఉద్యోగులు దిగుతున్నారు, అద్దెకి ఇల్లు అన్న మాట బయటికి పొక్కితే చాలు, మధ్యాహ్నానికల్లా వీధి చివరిదాకా జనం. ఈ యూనివర్సిటీ చూస్తే ఊరంత ఉంది. క్లాసులు అందరికీ ఒకటే, కాపురాలు మాత్రం వేరు, ఇక్కడ ఉండే ప్రతివాళ్ళూ ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీ మనిషి అయి తీరాలి, ఆ కాలేజీ వాళ్ళతోనే తిండి, ఆ కాలేజీ వాళ్ళతోనే ఆటలు, ఆ కాలేజీ రంగు మఫ్లరే మెడకి. సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు నా మెడకీ ఒక రంగు. గిరిజాకుమారినైన నాకు, నలభై నాలుగేళ్ళు నిండినదానికి, డబ్లిన్ దగ్గర నేవన్‌లో మందుల షాపు కౌంటరు వెనక ఇన్నేళ్ళూ జనానికి దగ్గుమందులు అందించినదానికి, ఎమ్మెస్సీ ఫార్మాలో సీటొచ్చింది. తలుచుకుంటేనే నవ్వొస్తోంది. పొద్దున్నుంచీ ఆ నవ్వు ఆగట్లేదు, పక్కన ఎవరూ లేరు కాబట్టి ఆపుకోవడం కూడా మానేశాను.

ఇది మార్తా వాళ్ళ కాలేజీ రెండో అంతస్తు వంటిల్లు. ఈ వరండాలో గదులు ఎనిమిది, వంటిల్లు ఒకటి. మాడిన బ్రెడ్డు వాసన, దాని కింద ఉల్లిపాయ వాసన, దాని కింద తడిసిన బూట్ల వాసన, మా ఇంట్లో వంటిల్లు ఇలా ఉంటే వర్షితని నిలబెట్టి కడిగేసేదాన్ని, ఇక్కడ మాత్రం గుండెల నిండా పీల్చుకుంటున్నాను. ఫ్రిజ్ మీద ఎవరో చీటీ అంటించారు, నా చీజ్ తిన్నవాళ్ళెవరో నాకు తెలుసు అని, దాని కింద ఇంకెవరో, మాకూ తెలుసు, బావుంది అని. గోడ వెంట వరసగా ప్రెస్‌లు, మనం అలమర అనేదాన్ని ఈ దేశంలో ప్రెస్ అంటారు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు, కిటికీ పక్కనున్న ప్రెస్ మీద మాత్రం ఏ పేరూ లేదు. తెరిచి చూశాను. చూడకుండా ఉండగలనా? రెండు అరలు. పై అరలో కందిపొడి, కరివేపాకు పొడి, కింద అరలో బియ్యం, చింతపండు, ఆవకాయ సీసా మాత్రం ఇక్కడ పెట్టకూడదు, పెడితే ఈ పిల్లలు బ్రెడ్డుకి రాసుకుని తింటారు, తిననీ, సీసాలు రెండు తెస్తే పోతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంకా మార్తా తలుపే తియ్యలేదు, నేనిక్కడ అరలు సర్దేస్తున్నాను. అప్పుడే జడలో పెన్సిలు గుచ్చుకున్న ఒక పిల్ల కళ్ళు నులుముకుంటూ వచ్చింది, పరీక్షలు జరుగుతున్నట్టున్నాయి, కాళ్ళకి చెప్పుల్లేవు, నన్ను చూసి ఆగింది. నువ్వు ఎవరివైనా అమ్మవా అని అడిగింది. అవునన్నాను. అబద్ధమేం కాదుగా. ఆ పిల్ల పేరు ఓర్లా అట, మాయో జిల్లా నుంచట, ఆ మాట చెప్పి టోస్టర్లో రెండు బ్రెడ్డు ముక్కలు పడేసి, పుస్తకం తెరుచుకుని పక్క కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుంది.

అమ్మవా అన్నది ఈ పిల్ల ఒక్కతే కాదు. పొద్దున్నుంచీ అదే వరస. మేం ముగ్గురం నేవన్ నుంచి చీకటితో బయల్దేరి వచ్చాం, నేనూ, మా వారు రఘువీరూ, మా అమ్మాయి వర్షితా, చూడాల్సినవి మూడు కాలేజీలు. మొదటిది నది పక్కన కొత్తగా కట్టిన గాజు కాలేజీ. తలుపులు ఫోన్ చూపిస్తే తెరుచుకుంటాయి, లైట్లు మనిషిని చూసి వెలుగుతాయి, ఏ గదిలోనూ ఏ వాసనా లేదు. రెండోది పెద్ద వయసు విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఉంచిన కాలేజీ, నేల నిండా మెత్తటి తివాచీ, ఎవరి బాత్రూమ్ వాళ్ళదే, కారు పెట్టుకోవడానికి చోటుంది, ఎంత నిశ్శబ్దమంటే హాల్లో పేపరు చదువుతున్న పెద్దమనిషి పేజీ తిప్పితే నేను ఉలిక్కిపడ్డాను. మా వారికి అది ఇట్టే నచ్చేసింది. ఆయన ఎంసెట్ ర్యాంకరు, ఆయనకి లోకమంతా కౌన్సెలింగే, గిరిజా, ఇది సేఫ్ ఆప్షన్, ముందిది పెట్టేద్దాం అన్నాడు. రెండు చోట్లా చూపించడానికి వచ్చినవాళ్ళు వర్షితతోనే మాట్లాడారు. నువ్వేం చదవబోతున్నావమ్మా, నీకు ఈత వచ్చా, నీకు కోయిర్‌లో పాడటం ఇష్టమా. నాకేమో నోట్లోంచి తల్లి ప్రశ్నలే దొర్లాయి, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, మగపిల్లలు ఇదే అంతస్తులో ఉంటారా, వేడినీళ్ళు ఎప్పుడూ వస్తాయా, వాళ్ళు నాకు ఓపిగ్గా జవాబులు చెబుతూ వర్షిత వంక జాలిగా చూశారు. దానికి పదిహేడేళ్ళు, లీవింగ్ సర్ట్, అంటే మన ఇంటర్ లాంటి పరీక్ష, వచ్చే ఏడాది, అది పొట్ట పట్టుకుని నవ్వుతోందే గాని నోరు విప్పి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే మాత్రం నవ్వు రావట్లేదు. నాకోసం చూడ్డానికి వచ్చిన కాలేజీలో నిలబడి నాకు అని అనలేకపోయానంటే, ఆ మాట అనే అలవాటు ఏ రోజు పోయిందో నాకే తెలీదు.

మూడోది ఇది. రాతి గోడలు, మెట్లు అరిగి నడుం వంగాయి, వరండాలో ఎవరో ఆరేసుకున్న తువ్వాళ్ళు. ఆఫీసులో మార్తా ఉంది, పోలండ్ నుంచి వచ్చి చాలా ఏళ్ళయిందట, మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. ఆవిడా వర్షితనే అడగబోయింది. వర్షిత అప్పటికి విసిగిపోయినట్టుంది, "ఇట్స్ నాట్ మీ, ఇట్స్ మై మామ్" అనేసింది. మార్తా తల నావైపు తిప్పింది. అయ్యో అనలేదు, ఆహా అనలేదు, ఎంత ధైర్యమండీ మీది అని మా నేవన్ ఆంటీల్లా చెయ్యి పట్టుకుని ఊపలేదు. ఇక్కడ గోడలు పల్చన, నీకు గురక వస్తుందా, అని అడిగింది. రాదన్నాను. అందరూ అలాగే అంటారు అంది. అంతే, ఇరవయ్యేళ్ళలో నన్ను నా గురించి అడిగిన మొదటి ప్రశ్న అదేననిపించింది, అది నిజం కాదులే, కానీ అనిపించింది. రాత్రి నా గురకకి పక్క గదిలో ఎవరో గోడ మీద కొడతారు. కొట్టించుకోవాలని ఉంది నాకు.

ఎందుకంత మోజు అంటే గుంటూరులోకి వెళ్ళాలి. ఆడపిల్లల కాలేజీలో బీయస్సీ మూడేళ్ళూ నేను డే స్కాలర్ని. మా ఊరి నుంచి పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో చదువు. హాస్టలర్లు వేరే జాతి. చదువులో మాకేం తీసిపోరు, మమ్మల్ని మించీ పోరు, అయినా వాళ్ళ నడకే వేరు, క్లాసులోకి గుంపుగా తడి జడలతో వచ్చి కూర్చునేవాళ్ళు, ఒకే సబ్బు వాసన, ఒకే సాంబారు మీద తిట్లు. అందులో నాగరత్నం అని మార్కాపురం పిల్ల నా పక్క బెంచీ. ప్రతి రోజూ దాని కబురు ఒకే రకంగా మొదలయ్యేది, నిన్న రాత్రి, అనేది, అంతే, ఇక చెప్పలేకపోయేది, నవ్వు, దాన్ని చూసి ఇంకో హాస్టలరు నవ్వు, నలుగురూ బల్ల మీద తలలు పెట్టుకుని నవ్వు, ఏంటే ఏంటే అని మేం డే స్కాలర్లం అడిగితే కళ్ళు తుడుచుకుంటూ నీకు చెప్తే రాదే, అక్కడ ఉండాలి అనేది. అక్కడ ఉండాలి. మూడేళ్ళూ నేను అక్కడ లేను. సాయంత్రం ఐదు గంటల బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను, వెనకాల హాస్టల్ గేటు, లోపల బకెట్ల చప్పుడు, పేర్లు పెట్టి అరుచుకోవడాలు. ఒకసారి మా నాన్నని అడిగాను, మా నాన్న పున్నయ్య ఎరువుల కొట్టు నడిపేవాడు, మెత్తని మనిషి, గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు. ఇంట్లో అన్నం ఉండగా హాస్టలెందుకమ్మా అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. అన్నం కోసం కాదు నాన్నా అని చెప్పాలంటే మరి దేనికోసమో చెప్పాలి, నవ్వడానికి అని చెబితే ఏ తండ్రి మాత్రం డబ్బు కడతాడు?

ఆ తర్వాత దేవుడు నాతో పరాచికమాడాడు, హాస్టల్‌తోనే ముడి పెట్టాడు. మా వారు వరంగల్ ఇంజనీరింగ్ హాస్టల్ ఉత్పత్తి. ఆయనా, కృష్ణప్రసాదూ నాలుగేళ్ళు ఒకే గది. పెళ్ళయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద డబ్లిన్ వచ్చి, నేవన్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్ల పుట్టి, ఇన్ని జరిగినా ఆ గదిలోంచి ఆయన బయటికి రాలేదు. కృష్ణప్రసాద్ ఈ కార్క్ పక్కనే రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ ఇంజనీరు, ఏడాదికి రెండుసార్లు వాళ్ళు మా ఇంటికో మేం వాళ్ళ ఇంటికో, రాత్రి భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ సోఫాలో కాళ్ళు బార్లా జాపుకుని మొదలుపెడతారు, అరేయ్ ఆ రోజు మెస్‌లో, అరేయ్ ఆ వార్డెన్ గాడు గోడ దూకుతున్న మనల్ని చూసి, అంతే, ఇద్దరికీ నవ్వుతో ఊపిరాడదు. నేనూ, కృష్ణప్రసాద్ భార్య నిఖిలా గిన్నెలు సర్దుతూ నవ్వుతాం, ఆ కథలన్నీ మాకు కంఠతా, ఎక్కడ నవ్వాలో వాళ్ళకంటే మాకే బాగా తెలుసు. వార్డెన్ పేరు దశరథ అనీ, ఆయన కుంటికాలనీ, మూడో మెట్టు మీద ఎప్పుడూ ఆగేవాడనీ మాకు తెలుసు. చూడని హాస్టల్ గురించి ఇంత తెలిసిన ఆడవాళ్ళు ఇంకెక్కడా ఉండరు. ఆ కృష్ణప్రసాదే ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు, మా ప్లాంటులో మనుషులు దొరకట్లేదు వదినా, మీరు బీయస్సీ కెమిస్ట్రీయే కదా, ఒక్క ఏడాది ఎమ్మెస్సీ చేస్తే చాలు, కళ్ళకద్దుకుని తీసుకుంటారు అని. ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ అన్న మాట అది. నేను మర్చిపోలేదు. చెప్పాపెట్టకుండా అప్లై చేసి, సీటొచ్చాక చెప్పాను. మా వారు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు కార్క్ రైళ్ళ టైమింగులు చూస్తూ కనిపించాడు. నేవన్‌లో మన ఆడవాళ్ళు మాత్రం ముక్కు మీద వేలేసుకున్నారు, పిల్ల లీవింగ్ సర్ట్ ఏడాది తల్లి హాస్టల్‌కి పోతుందా అని. నేనూ ఆ మాటకి రెండు రాత్రులు నిద్రపోలేదు, వర్షితనే అడిగేశాను. "అమ్మా, నాన్న కెన్ కుక్ త్రీ థింగ్స్. వుయ్‌ల్ బి గ్రాండ్" అని ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే చెప్పింది. ఆ మూడూ ఏంటో నాకు తెలుసు, మూడూ గుడ్డే.

అసలు సంగతి వేరే ఉంది. మనవాళ్ళు ఉన్న ఊళ్ళో హాస్టల్లో దిగడమంటే మనవాళ్ళ మొహం మీద తలుపు వెయ్యడమే. సీటొచ్చిందని తెలిసిన సాయంత్రమే కృష్ణప్రసాద్ ఫోన్ చేశాడు, వదినా, మా పైగది ఖాళీగా ఉంది, మీరు వేరే మాటంటే నేను ఊరుకోను అన్నాడు. యూనివర్సిటీలో సీటు రావడం తేలిక, కృష్ణప్రసాద్‌కి వద్దని చెప్పడం కష్టం. ఫోన్లో చెబితే బావుండదు, ఎదురుగా వెళ్ళి, స్వీట్లు పెట్టి, నెమ్మదిగా చెప్పాలని మేం రాత్రే అనుకున్నాం. అందుకే ఇక్కడ మూడో కాలేజీ చూశాక, మా వారు మైసూర్‌పాక్ డబ్బా తీసుకుని రింగాస్కిడీ వైపు కారు తిప్పాడు. వర్షిత ఎవరో సీనియర్ అమ్మాయితో ఆటస్థలం చూడ్డానికి పోయింది. ఆయన వెళ్ళి చాలాసేపయింది. ఇంతసేపు పట్టిందంటే నాకు కీడు తోచింది, తోచినట్టే ఫోన్ మోగింది.

"గిరిజా, భోంచేశావా?" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. "మీరు భోంచేశారా?" అన్నాను.

"ఏం చెయ్యమంటావు, గుమ్మంలో అడుగు పెట్టానో లేదో కంచం పెట్టేశారు. గుత్తొంకాయ, పప్పుచారు. వద్దంటే ఎలాగ?"

"తినండి. తిన్నాక చెప్పారా?"

"అన్నం తిని ఎలా కాదంటానే? ఆ గది కూడా చూపించారు. కొత్త పరుపు కొన్నాడు వాడు, టేబుల్ లాంప్ కూడా పెట్టాడు. నేను సరే అన్నాను. అనలేదు గానీ, అన్నట్టే." మళ్ళీ తనే అందుకున్నాడు. "అబద్ధం ఎందుకు, నాక్కూడా నువ్విక్కడ ఉంటే నిశ్చింతగా ఉంటుంది. మన ఇల్లు లాంటి ఇల్లు ఉండగా హాస్టలెందుకు చెప్పు?"

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత, మా వారి విషయంలో గుత్తొంకాయతో అయింది. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, నాలుగేళ్ళు గోడ దూకిన మనిషి నన్ను గోడ అవతలే ఉండమంటాడా, కానీ కోపం కంటే ముందు ఆ మాట వచ్చి తగిలింది, ఇల్లు ఉండగా హాస్టలెందుకు, మా నాన్న మెత్తగా అన్న మాట ఇన్నేళ్ళ తర్వాత వంకాయ కూర తిన్న నోటితో మళ్ళీ వినిపించింది. అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు ఉంది. "నాకు కావాలండీ" అన్నాను. ఫోన్ పెట్టేస్తున్నాను, మార్తా వచ్చే వేళయింది, నిఖిలతో నేను మాట్లాడతాను, మీరు కారెక్కండి అన్నాను. సరే అన్నాడు, పాపం, ఆ సరేలో భయం కంటే ఊరట ఎక్కువుంది.

అన్నాను గాని ఒకచోట కూర్చోలేకపోయాను. సింకు నిండా గిన్నెలు ఉన్నాయి. ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నా చేతులు వాటిలోనే ఉన్నాయని నాకప్పుడు తెలిసింది, మూడు కప్పులూ ఒక మూకుడూ కడిగి బోర్లించేశాను, ఆలోచిస్తూ ఆలోచిస్తూ. అదీ నా భయం. గురక కాదు, వయసు కాదు. ఈ వరండాలో ఎనిమిది మందిలో ఒకదాన్ని అవుదామని వచ్చి ఏడుగురికి అమ్మనైపోతానేమో, వాళ్ళు నన్ను చూడగానే కాళ్ళు కిందికి దించుకుని, నవ్వు ఆపుకుని, హలో మిసెస్ అంటారేమో, నేను వాళ్ళకి జ్వరమొస్తే మిరియాల చారు పెట్టి, మాడిన గిన్నెలు తోమి, ఏడాదయ్యాక దీవించి ఇంటికి పోతానేమో. అలా అయ్యేటట్టయితే నిశ్శబ్దం కాలేజీయే నయం, ఆ పేపరు పెద్దమనిషి గిన్నె ఆయనే కడుక్కుంటాడు. నాలుగో కప్పు చేతిలోకి తీసుకున్నాను. వెనక నుంచి ఓర్లా కేక పెట్టినంత పని చేసింది. అది వదిలెయ్, అవి షినేడ్‌వి, ఈ వారం గిన్నెలు ఆమె వంతు, నువ్వు కడిగేస్తే అది ఎప్పటికీ బాగుపడదు, అందరం ఓటేసి పెట్టుకున్న రూలు అంది. మరి కొత్తగా వచ్చేవాళ్ళకి అని అడిగాను. వాళ్ళకీ ఒక వారం, మళ్ళీ ఏడు వారాల దాకా కప్పు ముట్టుకోనక్కర్లేదు అంది. ఏడు వారాలు. పెళ్ళయినప్పటి నుంచి నాకు ఏడు పూటలు కూడా వరసగా అలా దొరకలేదు. కప్పు మురికిగానే సింకులో పెట్టేశాను, తడి చేతులు చున్నీకి తుడుచుకున్నాను, ఓర్లా తన టోస్టులో ఒక ముక్క నా వైపు తోసింది. అంచు నల్లగా మాడింది. వర్షిత ఇంట్లో అలాంటిది పెడితే పారేసేదాన్ని, ఇక్కడ వెన్న రాసుకుని అంతా తిన్నాను, నాకు ఆనందంగా ఉంది, ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించేంత ఆనందంగా ఉంది.

ఇక మిగిలింది నిఖిల. ఆమెకి చెప్పకుండా మార్తా ముందు సంతకం పెట్టడం నా వల్ల కాదు, వాళ్ళ అన్నం మా ఆయన కడుపులో ఇంకా వేడిగా ఉంది. బాధపడుతుంది, పడితే పడుతుంది, అక్కా మా ఇల్లు మీకు తక్కువైందా అంటుంది, దానికి ఏమనాలో నాలుగు మాటలు కూడబలుక్కుని నంబరు నొక్కాను. ముందుగా గుత్తొంకాయ బావుందట అన్నాను. తర్వాత కూడబలుక్కున్న నాలుగు మాటలూ ఎటో పోయాయి, నిఖిలా, నేను హాస్టల్లో ఉండాలనుకుంటున్నాను, మీ ఇంటికి వంక పెట్టి కాదు, నాకు ఉండాలని ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది, అని చెప్పేశాను. అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"అక్కా, ఆ పరుపు నేను కొనలే, ఆయననే తెచ్చిండు" అంది, గొంతు బాగా తగ్గించి. "నన్ను ఎవరడిగిన్రు? మీరు హాస్టల్ల్నే ఉండుండ్రి. ఆయనకు నేను చెప్పుకుంట."

"నీకు కోపం లేదా?"

"కోపమెందుకక్కా. ఒక్కటి అడుగుత, నవ్వద్దు." గొంతు ఇంకా తగ్గించింది. "మీ రూంల ఇంకొకరికి జాగ ఉంటదా? ఒక్క రాత్రికే. కింద చాప ఏసుకోని పండుకుంట. ఇన్నేండ్ల సంది వీళ్ళ కథలు ఇని ఇని, అసలు హాస్టల్ల రాత్రి ఎట్లుంటదో ఒక్కసారి చూడాలనుంది."

నేను నవ్వలేదు. నవ్వితే ఏడుపొచ్చేట్టుంది. గిన్నెలు సర్దుతూ నా పక్కన నవ్విన మనిషి, ఎక్కడ నవ్వాలో నాతో సమానంగా తెలిసిన మనిషి, ఆమె కూడా ఇన్నాళ్ళూ ఆ గేటు బయటే నిలబడి ఉందని నాకెందుకు తట్టలేదు? రావే, చాప నేనే తెస్తాను, నువ్వు వంకాయ తీసుకురా అన్నాను. అటు నుంచి కృష్ణప్రసాద్ ఎవరితో అని అడగడం వినిపించింది, అమ్మతో అంది నిఖిల, ఫోన్ పెట్టేసింది. ఆమెలో హాస్టలరు అప్పుడే నిద్ర లేచింది.

కింద తాళం తిరిగిన చప్పుడు. ఓర్లాకి పరీక్ష బాగా రాయమని చెప్పి మెట్లు దిగాను. ఆఫీసు ముందు వర్షిత అప్పటికే నిలబడి ఉంది, బూట్లనిండా బురద. మార్తా కుర్చీలో సర్దుకుని, పెదవి మీద రొట్టె పొడి తుడుచుకుని, ఏ కాలేజీ అని అడిగింది. ఇదే అన్నాను. పెద్దవాళ్ళ కాలేజీలో బాత్రూమ్ సొంతం, కారుకి చోటుంది, తర్వాత మార్చమంటే మార్చం అంది. తెలుసు, నాకు ఇదే కావాలి, నాకు, అన్నాను. కంప్యూటర్లో ఏదో కొట్టింది, కాగితం వచ్చింది, ఎక్కడ సంతకమో వేలితో చూపించి, ఏమైనా అడగాలా అంది. పొద్దున్నుంచి ఇన్ని చోట్ల ఇన్ని అడిగాను, ఇప్పుడు ఒక్కటే ఉంది. నా గదిలో ఒక స్నేహితురాలు ఒక రాత్రి పడుకోవచ్చా అని అడిగాను. మార్తా కళ్ళజోడు పైనుంచి చూసింది. మొదటి నెల బయటివాళ్ళని రాత్రి ఉండనివ్వం, అది రూలు అంది. బుద్ధిగా తలూపి సంతకం పెట్టాను.

"అమ్మా, వాట్ ఆర్ యూ అప్ టు?" అంది వర్షిత, నా మొహంలోకి అనుమానంగా చూస్తూ.

"ఏం లేదమ్మా" అన్నాను. అచ్చం అది నాతో రోజూ అనేటట్టే అన్నాను. ఆయన కారు వచ్చేలోగా మళ్ళీ ఒకసారి పైకి వెళ్ళి, ఈ కాలేజీలోకి వెనక దారి ఎక్కడుందో ఓర్లాని అడగాలి.